ఇంటర్వ్యూకి వెళ్తుంటే పచ్చబొట్టు దాచాలా? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నా కుడి ముంజేతి మీద అరచేయంత తాబేలు ఉంది. ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో, ఉద్యోగం అనేది ఒకటి వెతుక్కోవాలన్న సంగతి పూర్తిగా మర్చిపోయిన ఒక సాయంత్రం వేయించుకున్నాను. ఆ తాబేలుతోనే ఊరంతా ఇంటర్వ్యూలకు తిరిగాను. కొన్ని పోయాయి, కొన్ని వచ్చాయి. ఇప్పుడు రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తూ నెలకు నాలుగైదు సార్లు టేబుల్‌కి అవతలి వైపు కూర్చుని నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి కాలేజీ జూనియర్ల దాకా అందరూ ఇవే ప్రశ్నలు ఫోన్ చేసి మరీ అడుగుతుంటే, చెప్పిందే చెప్పలేక ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక్క ముక్కలో చెప్పు. దాచాలా, వద్దా?

ఆ ఉద్యోగంలో రోజూ మిమ్మల్ని ఎవరు చూస్తారో తెలియకపోతే మొదటి రౌండుకి దాచండి. కస్టమర్లు, పేషెంట్లు, పిల్లల తల్లిదండ్రులు చూసే ఉద్యోగమైతే దాచండి. కంప్యూటర్ తప్ప ఎవరూ చూడని ఉద్యోగమైతే మీ ఇష్టం, నిజంగా మీ ఇష్టం. కానీ ఏ పని చేసినా పూర్తిగా చేయండి. దాచేవాళ్లు పూర్తిగా దాచాలి, చూపించేవాళ్లు చెయ్యి హాయిగా టేబుల్ మీద పెట్టి మాట్లాడాలి. నా అనుభవంలో ఇబ్బంది అంతా ఈ రెండింటికీ మధ్యలో ఇరుక్కున్నవాళ్లకే.

మధ్యలో ఇరుక్కోవడం అంటే?

నా రెండో ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. గచ్చిబౌలిలో ఒక కంపెనీ, పేరెందుకులెండి. మే నెల. మా అన్న తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాను, అది నాకు చేతుల దగ్గర ఒక అంగుళం పొట్టి. నిలబడితే తాబేలు కనబడదు. కూర్చుని చెయ్యి చాపితే దాని తోక, వెనక కాళ్లు బయటికొస్తాయి. ఇది నేను ఇంట్లో చూసుకోలేదు, ఎందుకంటే అద్దం ముందు నిలబడే చూసుకున్నాను. ఇంటర్వ్యూలో రెజ్యూమె అందించిన క్షణం నుంచి ఎడమచేత్తో కుడి కఫ్‌ని కిందికి లాగుతూనే ఉన్నాను. పది నిమిషాల తర్వాత ఎదురుగా ఉన్న మేడమ్ పెన్ను కింద పెట్టి, "చెయ్యి నొప్పిగా ఉందా?" అని అడిగారు. లేదు మేడమ్ అన్నాను. ఆ తర్వాత డేటాబేస్‌లో రెండు టేబుళ్లను కలిపే జాయిన్స్ గురించి అడిగితే లెఫ్ట్ జాయిన్‌ని రైట్ జాయిన్ అని చెప్పాను. ఉద్యోగం రాలేదు. టాటూ వల్ల రాలేదని ఇంట్లో చెప్పుకున్నాను కానీ, ఆవిడ దాన్ని చూశారో లేదో కూడా నాకు తెలీదు. నా బుర్ర మొత్తం కఫ్ దగ్గరే ఉంటే డేటాబేస్ ఎక్కడ గుర్తొస్తుంది!

దాచడం మోసం కాదా? రేపు చేరాక కనబడుతుంది కదా?

ఇంటర్వ్యూ రోజున ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు వేసుకుని వెళ్లినవాడు మూడో నెల నుంచి టీషర్ట్, చెప్పులతో వస్తే మోసం చేశాడని ఎవరైనా అంటారా? ఇదీ అంతే. ఫుల్ హ్యాండ్స్ వేసుకోవడం అబద్ధం చెప్పడం కాదు. అబద్ధం ఎక్కడ మొదలవుతుందంటే, "కనబడే చోట టాటూలు ఉన్నాయా?" అని ఫారంలోనో నోటితోనో సూటిగా అడిగినప్పుడు లేవని చెప్తే. అక్కడ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. చేరాక బయటపడితే వాళ్లు పట్టుకునేది బొమ్మని కాదు, మీరు పెట్టిన సంతకాన్ని.

సాఫ్ట్‌వేర్‌లో ఎవరు పట్టించుకుంటారు అంటారు, నిజమేనా?

చాలావరకు నిజమే. హైటెక్ సిటీలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఏ టీ కొట్టు ముందు నిలబడినా, ట్యాగ్ వేసుకున్నవాళ్లలో ఎంతమంది చేతుల మీద బొమ్మలున్నాయో మీకే తెలుస్తుంది. కొత్త కంపెనీలకు చోటిచ్చే టీ-హబ్ లాంటి చోట్ల కూర్చునే స్టార్టప్‌కి వెళ్తుంటే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే ఫౌండర్‌కే మెడ మీద ఒకటి ఉండొచ్చు, అక్కడ బ్లేజర్ వేసుకుని వెళ్తేనే వింతగా చూస్తారు.

మేము ఫీడ్‌బ్యాక్ నింపే ఫారంలో టాటూ అనే గడి లేదు. కోడింగ్, కమ్యూనికేషన్, సమస్యని ఎలా విడగొట్టాడు, అంతే. కానీ చివర్లో "ఇతర వ్యాఖ్యలు" అని ఒక ఖాళీ ఉంటుంది చూశారా, అనుమానాలన్నీ అక్కడికి చేరతాయి. ఒకసారి ఒక సీనియర్ అక్కడ "క్లయింట్ ముందు పెట్టొచ్చా?" అని రాశాడు. కుర్రాడి మోకాలి దాకా, సారీ, మోచేతి దాకా రంగురంగుల డ్రాగన్ ఉంది. నేను వాదించాను, ఆ కుర్రాడిని తీసుకున్నాం, ఇప్పుడు వాడే క్లయింట్ కాల్స్ మాట్లాడతాడు. ప్యానెల్‌లో ఆ రోజు నాలాంటివాడు లేకపోతే ఏమయ్యేదో మరి. అందుకే సర్వీస్ కంపెనీలు, బ్యాంకుల పని చేసే కంపెనీలు, కన్సల్టింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటిసారి కప్పుకోమంటాను.

నేను ఫ్రెషర్ని, క్యాంపస్ డ్రైవ్ ఉంది. ఏం చేయాలి?

దాచండి. ఆలోచించే పని లేదు. ఒక్క రోజులో వందల మందిని చూసి వడకట్టే చోట మీ గురించి వాళ్లకి తెలిసేది చాలా తక్కువ, ఆ తక్కువలో బొమ్మ పెద్ద భాగం అవుతుంది. పైగా కంపెనీ వాళ్ల కంటే ముందు మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ చూస్తారు. "ఏం బాబూ, ఇదేంటి?" అని అందరి ముందు ఒక్కమాట అంటే చాలు, ఆ రోజు గ్రూప్ డిస్కషన్‌లో మీ నోరు పెగలదు.

ఎయిర్‌లైన్స్, హోటళ్లు, షోరూములు?

ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రసక్తి తక్కువ, రూలే ఉంటుంది. క్యాబిన్ క్రూ వాకిన్ ప్రకటనల్లో సాధారణంగా యూనిఫాం వేసుకున్నప్పుడు టాటూ కనబడకూడదని రాస్తారు. అంటే వీపు మీద ఉంటే గొడవ లేదు. ముంజేయి, మెడ, పిక్కల మీద ఉంటే గొడవ. కొన్నిచోట్ల మేకప్‌తో కప్పినా ఒప్పుకోరు, చెయ్యి తడిబట్టతో తుడిచి చూసేవాళ్లూ ఉంటారని మా మేనకోడలు వెళ్లొచ్చి చెప్పింది. కాబట్టి వెళ్లే ముందు ఆ కంపెనీ యూనిఫాం ఫొటో చూడండి, చెయ్యి ఎంతవరకు బయట ఉంటుంది, స్కర్టు ఎంత పొడవు అని. మీ బొమ్మ దాని లోపలే ఉంటే ధైర్యంగా వెళ్లండి.

హోటల్‌లో ఫ్రంట్ ఆఫీస్ వేరు, కిచెన్ వేరు. చెఫ్ కోటుకి ఫుల్ హ్యాండ్స్ ఉంటాయి, లోపల చేతినిండా పచ్చబొట్లున్న షెఫ్‌లు బోలెడంతమంది. రిసెప్షన్‌లో నిలబడాలంటే మాత్రం కష్టం. నగల షోరూములు, పట్టుచీరల షాపులు కూడా అంతే, కౌంటర్ మీద అందరి కళ్లూ మీ చేతుల మీదే ఉంటాయి కదా.

టీచర్ ఉద్యోగానికి డెమో క్లాస్ ఉంది.

ఇంట్లో గోడ ముందు నిలబడి, చేతిలో చాక్‌పీస్ ఉన్నట్టు పైనుంచి కిందికి ఒక లెక్క పూర్తిగా రాసి చూడండి. బోర్డు మీద చెయ్యి ఎత్తగానే ఎంత మంచి ఫుల్ హ్యాండ్ చొక్కా అయినా మణికట్టు దాటి కిందికి జారుతుంది, కుర్తీ చేతులైతే మోచేయి దాకా వస్తాయి. డెమోలో వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ చూసేది సరిగ్గా అదే. కార్పొరేట్ జూనియర్ కాలేజీలు ఈ విషయంలో చాలా పాతకాలం. ఇంటర్నేషనల్ స్కూళ్లు కొంచెం నయం. కఫ్‌కి లోపలి వైపు రెండో గుండీ కుట్టించుకుంటే బిగుతుగా నిలబడుతుంది, టైలర్ ఐదు నిమిషాల్లో కుట్టి ఇస్తాడు.

నర్సింగ్, హాస్పిటల్ ఉద్యోగాలకి?

ఇక్కడ నా సలహా వేరే. వార్డులో పనిచేసేవాళ్లు రోజుకి పదులసార్లు చేతులు కడుక్కోవాలి, ఫుల్ హ్యాండ్స్ వేసుకోనివ్వరు, మేకప్ నిలబడదు. ముంజేతి మీద ఉన్నది రేపు ఎలాగూ కనబడుతుంది. ఇంటర్వ్యూకి కప్పుకునే వెళ్లినా చివర్లో మీరే అడిగేయండి: "మేడమ్, నా చేతి మీద చిన్న పచ్చబొట్టు ఉంది, డ్యూటీలో ఇబ్బందేమైనా ఉంటుందా?" అని. ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఆర్మీకి, పారామిలటరీకి టాటూ ఉంటే అసలు తీసుకోరా?

తీసుకోరు అన్నది సగం నిజం. దీని మీద సికింద్రాబాద్ ర్యాలీ గ్రౌండ్ల చుట్టూ తిరిగే పుకార్లు ఇన్నీ అన్నీ కావు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆర్మీలో, అగ్నివీర్‌తో సహా, శాశ్వత పచ్చబొట్టుని రెండు చోట్లే ఒప్పుకుంటారు. ఒకటి ముంజేతి లోపలి వైపు, అంటే మోచేయి మడత నుంచి మణికట్టు దాకా. రెండోది అరచేతికి వెనక వైపు. మెడ, ముఖం, ఛాతీ, భుజం ఇవేవీ కుదరవు. ఆచారం ప్రకారం పొడిపించుకునే గిరిజన తెగల వాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. ఎయిర్‌ఫోర్స్ వాళ్లదీ దాదాపు ఇదే రూలు.

ఎస్‌ఎస్‌సీ జీడీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే కానిస్టేబుల్ పరీక్ష) ద్వారా వెళ్లే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి వాటిలో ఇంకొంచెం బిగించారు. దేవుడి గుర్తో పేరో ఉండొచ్చు, కానీ ముంజేతి లోపలి వైపు అయితే ఎడమ చేతి మీదే ఉండాలి. ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడిచేత్తో. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. నా తాబేలు కుడి ముంజేతి మీదుంది, అందులోనూ అది దేవుడూ కాదు పేరూ కాదు (కూర్మావతారం అని వాదించొచ్చనుకోండి), కాబట్టి నేను అక్కడ మొదటి అడుగులోనే అవుట్.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అక్కడ దాచడం అనే మాటే లేదు. మెడికల్‌లో బట్టలు విప్పించి చూస్తారు. ఏ నోటిఫికేషన్‌కి వెళ్తుంటే ఆ నోటిఫికేషన్‌లోని మెడికల్ పేజీలు మీరే చదవండి, కోచింగ్ సెంటర్ అన్న చెప్పాడని ఊరుకోవద్దు.

గ్రూప్స్‌కి, సివిల్స్‌కి?

తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 కి ఇంటర్వ్యూలే 2022లో తీసేశారు, కాబట్టి బోర్డు ముందు కూర్చునే టెన్షన్ లేదు. సివిల్స్‌కి ఢిల్లీలో యూపీఎస్‌సీ ఆఫీసు ఉండే ధోల్‌పూర్ హౌస్‌లో పర్సనాలిటీ టెస్ట్, అంటే ఇంటర్వ్యూ ఉంటుంది. అది చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా సాగుతుంది, ఎలాగూ సూటో చీరో ఉంటుంది. సూటులో ముంజేయి కనబడదు. కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో మాక్ ఇంటర్వ్యూ ఇచ్చేటప్పుడే అవే బట్టలతో ఒకసారి వెళ్లి కూర్చోండి.

టాటూ చూసి ఉద్యోగం ఇవ్వకపోతే కేసు వేయొచ్చా?

ప్రైవేటు కంపెనీ మీద గట్టిగా నిలబడే ఆధారం దొరకడం కష్టం. రాజ్యాంగంలో 15, 16 అధికరణాలు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు లాంటి వాటి మీద వివక్ష కూడదంటాయి, అవి కూడా ప్రధానంగా ప్రభుత్వానికి వర్తించేవి. పచ్చబొట్టు ఆ జాబితాలో లేదు. పైగా "మీ టాటూ వల్ల" అని ఏ హెచ్‌ఆర్ మెయిల్‌లో రాయరు, "వేరే అభ్యర్థితో ముందుకు వెళ్తున్నాం" అనే రాస్తారు. కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ కోపంతో లాయర్ ఫీజు కట్టే ముందు ఇంకో రెండు కంపెనీలకు అప్లై చేయండి.

పచ్చబొట్టు మన సంప్రదాయమే కదా, దాచుకోవాల్సిన ఖర్మేంటి?

ఈ ప్రశ్న నాకు ఇష్టం. మా నాయనమ్మది నల్గొండ వైపు. ఆవిడ రెండు ముంజేతుల మీదా చుక్కలు, ఒక తేలు, మా తాత పేరు ఉండేవి. ఎరుకల ఆమె ఊళ్లోకి వస్తే అరుగు మీద కూర్చోబెట్టి పొడిపించారట. సూదులు, మసి, నొప్పి మర్చిపోవడానికి ఆమె పాడే పాట. ఆదిలాబాద్ వైపు గోండులకి తోటి తెగ ఆడవాళ్లు పొడుస్తారు. నల్లటి మసి చర్మం కింద పడ్డాక పైకి నీలం, ఆకుపచ్చ కలిసినట్టు కనబడుతుంది, పచ్చబొట్టు అన్న పేరు అందుకే.

తమాషా ఏంటంటే, మా నాయనమ్మ నా తాబేలుని చూసి "అదేందిరా, ఇంత సన్నగా పొడిచిండు, మంచిగున్నది" అని మురిసిపోయింది. మా నాన్న మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. మధ్యలో ఒక తరానికి అది మోటు అయిపోయింది, ఇప్పుడు ఇంటర్వ్యూ బోర్డుల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నది ఎక్కువగా ఆ తరమే. "పచ్చబొట్టు పొడిపించుకున్నా" అంటే పల్లెటూరు, "టాటూ వేయించుకున్నా" అంటే జూబ్లీహిల్స్, పని ఒకటే అయినా. సంప్రదాయం అని గదిలో వాదించి గెలవలేం, నలభై నిమిషాల ఇంటర్వ్యూ దానికి సరిపోదు.

బొమ్మ ఏంటన్నది తేడా చేస్తుందా?

చాలా. చిన్న పువ్వు, అమ్మ పేరు, ఓం, నామాలు ఇవి ఎవరినీ కదిలించవు. (దేవుడి బొమ్మ పాదం మీదో పిక్క మీదో ఉంటే మాత్రం కొందరికి మనసు నొచ్చుకుంటుంది, ప్యాంటు కింద ఉండనివ్వండి.) హీరో ముఖం ఉంటే నవ్వుతారు, అవతలాయన వేరే హీరో ఫ్యాన్ అయితే నవ్వకపోవచ్చు. ఆయుధాలు, పుర్రెలు, బూతులు కప్పండి. పార్టీ గుర్తు, కులం పేరు ఉన్నవైతే ఏ ఉద్యోగమైనా, ఏ కంపెనీ అయినా కప్పండి, దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. అర్థం తెలియని చైనా అక్షరాలు ఉంటే, చదవగలిగినవాడు ప్యానెల్‌లో ఉండకూడదని మొక్కుకోండి.

బట్టలతో దాచాలంటే ఏవి వేసుకోవాలి?

పల్చటి తెల్ల చొక్కా వద్దు. ఇది అందరూ చేసే తప్పు. ఏసీ గదిలో ట్యూబ్‌లైట్ కింద నల్ల ఇంకు తెల్ల చొక్కాలోంచి ఎక్స్‌రేలా కనబడుతుంది. లేత నీలం, బూడిద రంగు, సన్నటి గీతలున్న మందపాటి కాటన్ మంచిది. చెయ్యి పొడవు మణికట్టు ఎముక దాటి బొటనవేలి మొదలుదాకా రావాలి. వేసుకున్నాక కుర్చీలో కూర్చుని, ముందుకి వంగి, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇచ్చి చూడండి. నిలబడి చూసుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను.

మణికట్టు మీద చిన్నదైతే వెడల్పు పట్టీ ఉన్న వాచీ చాలు. మెడ వెనక ఉంటే కాలర్, లేదా వదిలేసిన జుట్టు. చెవి వెనకదానికి కూడా జుట్టే. ఆడపిల్లలు ఫుల్ హ్యాండ్స్ కుర్తీ గానీ, మోచేతి కిందికి వచ్చే బ్లౌజు గానీ చూసుకోవచ్చు, దుపట్టాని నమ్ముకోవద్దు, అది జారడానికే పుట్టింది. బ్యాండేజీ అంటించుకోవడం అస్సలు వద్దు, "దెబ్బ ఎలా తగిలింది?" అని అడుగుతారు, అక్కడ మళ్లీ కథ అల్లాలి. స్కూటీ మీద ఎండకి వేసుకునే ఆ స్కిన్ కలర్ చేతి తొడుగులతో లోపలికి వచ్చిన అమ్మాయిని ఒకసారి చూశాను. వేసుకున్న సంగతే మర్చిపోయిందేమో పాపం.

మేకప్‌తో కప్పితే నిలబడుతుందా?

పద్ధతిగా చేస్తే నాలుగైదు గంటలు నిలబడుతుంది. మామూలు ఫౌండేషన్ ఒక్కటే పూస్తే నీలం కిందనుంచి బూడిదగా తేలుతుంది, కమిలిన దెబ్బలా ఉంటుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ పల్చగా వేలితో అద్దాలి, పామకూడదు. మన చామనఛాయ చర్మానికి నారింజే పనిచేస్తుంది, నీలాన్ని అదే చంపుతుంది. అది ఆరాక చర్మం రంగు కన్సీలర్, దాని మీద పౌడర్ అదిమి, చివర్లో సెట్టింగ్ స్ప్రే. సీరియళ్ల వాళ్లు, నాటకాల వాళ్లు వాడే క్రయోలాన్ పెయింట్ స్టిక్ లాంటివి బాగా కప్పుతాయి. షేడ్ కొనేటప్పుడు ముఖానికి కాదు, ముంజేతి లోపలి వైపు రాసి చూసి కొనండి, రెండూ ఒక రంగు ఉండవు.

ఇక్కడ అసలు శత్రువు మన ఎండ. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగేదాకా ఏసీయే. దిగాక ఆఫీసు గేటు దాకా ఆటో, ఆ గేటు నుంచి టవర్ దాకా నడక, ఏప్రిల్‌లో ఆ పదిహేను నిమిషాలు చాలు మొత్తం కరిగి కఫ్ లోపలికి అంటుకోవడానికి. నేను ఒకసారి చేసి చూశాను, తాబేలు కనబడలేదు గానీ చొక్కా కఫ్ ఇటుక రంగుకి తిరిగింది. పట్టుకునే పర్సులో పౌడర్, టిష్యూ పెట్టుకుని అరగంట ముందే చేరి, వాష్‌రూమ్‌లో సరిచేసుకోండి. ముందు రోజు ఒకసారి ప్రాక్టీస్ చేయడం మర్చిపోవద్దు.

వీడియో ఇంటర్వ్యూకి?

కెమెరా భుజాల నుంచి పైకే పెడితే చెయ్యి కనబడదు. మెడ మీదదైతే కాలర్ చొక్కా. జుట్టు సర్దుకునే అలవాటుంటే ముంజేయి నేరుగా కెమెరా ముందుకి వస్తుంది, చూసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ టాటూని బ్లర్ చేయదు, ఇది కూడా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

వాళ్లే చూసి అడిగితే ఏం చెప్పాలి?

ఒక్క వాక్యం చాలు. "కాలేజీలో వేయించుకున్నాను సర్, అవసరమైతే కప్పుకుంటాను, ఇబ్బంది లేదు." అంతే, ఆగిపోండి. దాని వెనక కథ, అర్థం, మీ జీవిత ప్రయాణం ఇవేవీ అడక్కుండా చెప్పొద్దు. సారీ కూడా చెప్పక్కర్లేదు. చాలామంది ఊరికే ఆసక్తితో అడుగుతారు, కొందరు తమకీ ఒకటి వేయించుకోవాలని ఉండి ఎక్కడ వేస్తారు, నొప్పి ఎంత అని అడుగుతారు. నన్ను తీసుకున్న ఇంటర్వ్యూలో చివరి ప్రశ్న అదే.

ఆఫర్ వచ్చింది. చేరే ముందు చెప్పాలా?

మీ పనిలో అది కనబడే అవకాశం ఉంటే, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టేలోపు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి డ్రెస్ కోడ్ పంపమనండి. "టాటూ ఉంది, ఏం చేయమంటారు" అని కాదు, "డ్రెస్ కోడ్, గ్రూమింగ్ పాలసీ పంపగలరా" అని. అందులో ఏమీ లేకపోతే ఇంకేం అడగొద్దు. ఉంటే మాత్రం నిజాయితీగా లెక్క వేసుకోండి. మా స్నేహితురాలు ఒకామె ప్రీమియం బ్యాంకింగ్ కౌంటర్‌లో మూడేళ్లు రోజూ పొద్దున ఇరవై నిమిషాలు మణికట్టుకి మేకప్ వేసుకుని వెళ్లింది. జీతం బాగానే ఉండేది. మానేసిన రోజు హాఫ్ హ్యాండ్స్ వేసుకుని ఫేర్‌వెల్‌కి వెళ్లింది, మేనేజర్ "ఇది ఎప్పుడు వేయించుకున్నావమ్మా?" అన్నాడట.

లేజర్‌తో తీయించుకుంటే పీడా పోతుంది కదా?

ఒక ఉద్యోగం కోసం తొందరపడి ఆ పని చేయొద్దు. లేజర్ ఒక్కసారిలో తుడిచేయదు. ఆ కాంతి చర్మం లోపలి ఇంకుని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది, వాటిని శరీరమే మెల్లగా బయటికి పంపించుకోవాలి. అందుకే ఒక్కో సిట్టింగ్‌కీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు, సిట్టింగ్‌లు చాలా పడతాయి, మొత్తం ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. మన రంగు చర్మం మీద తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే అవకాశం ఉంటుంది, కాబట్టి పార్లర్‌కి కాదు, చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆన్‌లైన్లో దొరికే రిమూవల్ క్రీములు, ఉప్పు పెట్టి రుద్దడాలు ఇవి చర్మాన్ని పోగొడతాయి, బొమ్మని కాదు.

టెన్త్ మెమోలో రాసిన పుట్టుమచ్చ మీదే టాటూ వేయించుకున్నాను!

నవ్వొద్దు, ఇది నన్ను ముగ్గురు అడిగారు. మన టెన్త్ సర్టిఫికెట్ మీద గుర్తింపు చిహ్నాలని రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, "కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ" అని. ప్రైవేటు ఉద్యోగంలో దాన్నెవరూ వెతకరు. సర్టిఫికెట్ వెరిఫికేషన్, మెడికల్ ఉండే ప్రభుత్వ ఉద్యోగాల్లో చూసే అవకాశం ఉంది. రెండు రాసి ఉంటాయి కాబట్టి రెండోది చూపించండి, ఆధార్, మిగతా కాగితాలు ఎలాగూ ఉంటాయి. ఇంకా వేయించుకోనివాళ్లు మాత్రం సూది కింద చెయ్యి పెట్టే ముందు మెమో తీసి చదువుకోండి. పుట్టుమచ్చ మీద ఇంకు పడితే, దాంట్లో మార్పు వస్తే డాక్టర్లకి కనబడదు, మంచి ఆర్టిస్టులు దాన్ని వదిలేసి చుట్టూ వేస్తారు.

ఇంటర్వ్యూకి రెండు వారాలుంది, ఈ ఆదివారం టాటూకి స్లాట్ బుక్ చేశాను. పర్వాలేదా?

వాయిదా వేయండి. పైచర్మం మానడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రెండో వారంలో పొట్టు లేస్తుంది, దురద పుడుతుంది, గోకకూడదు. మానేదాకా మేకప్ వేయకూడదు, బిగుతు కఫ్ రాసుకోకూడదు, అంటే దాచే దారులు రెండూ మూసుకుపోయినట్టే. స్టూడియోకి ఈరోజే ఫోన్ చేయండి, అడ్వాన్స్ తిరిగివ్వరు గానీ డేట్ అడిగితే మారుస్తారు.